అవే అడ్జస్ట్ అవుతాయిలే

మొన్న ఏప్రిల్‌లో ఇంటి వెనక, మెట్ల కింద ఖాళీగా పడున్న జాగాలో చిన్న సిమెంటు తొట్టి కట్టించాను. మా అబ్బాయికి ఆరో తరగతి అయిపోయి సెలవులు. చేపలు పెంచుతానని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. గాజు పెట్టె చిన్నదైపోతుంది, తొట్టి అయితే చేపలకు తిరగడానికి చోటుంటుందని నేనే అన్నాను. మేస్త్రీ నున్నగా పూత పూశాడు, నాలుగు రోజులు తడిపాం, ఐదో రోజు నీళ్ళు నింపాం. సాయంత్రం ఇద్దరం వెళ్ళి పన్నెండు గప్పీలు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాం. కొత్త తొట్టి, పర్లేదా అని షాపులో అడిగాను కూడా. "నీళ్ళే కద సార్, ఒక్క రోజులో అవే అడ్జస్ట్ అవుతాయి" అన్నాడు కవర్‌కి రబ్బరు బ్యాండు వేస్తూ.

వదిలిన అరగంటకే తేడా కనిపించింది. గోల్డ్ ఫిష్‌లు అడుగుకి పోకుండా పైపైనే తిరుగుతూ నోరు తెరిచి మూస్తున్నాయి. ఒకదాని మొప్ప పక్కనుంచి గంజిలాంటి జిగురు తీగలా సాగుతోంది. కొత్త చోటు కదా, బెదిరాయి అనుకున్నాం. తెల్లారి ఐదున్నరకు మావాడే ముందు లేచి చూశాడు. పదహారూ తేలి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే దాని కంటి మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర. మొప్పలు ఎర్రగా ఉండాల్సింది, పాలిపోయి జిగురుతో అంటుకుపోయి ఉన్నాయి. మావాడు ఏడవలేదు. "నాన్నా, మనమేం చేశాం?" అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మా వీధిలో ఆదివారాలు చేపలు తెచ్చి అమ్మే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. చిన్నప్పటినుంచీ చెరువుల మీద బతికిన మనిషి. ఆయనకు చెప్తే తొట్టి దగ్గరికి వచ్చి, వేలితో నీళ్ళు తీసి నాలుక్కి రాసుకుని ఉమ్మేశాడు. "కొత్త తొట్టిల నీళ్ళు వోసి అండ్లనే చేపలు ఇడుస్తరా బిడ్డా? సున్నపు తేటల ఇడ్సినట్టే అది. నెల దినాలు నానవెట్టాలె. పెండ కలపాలె, అరటి బొందలు నరికి ఎయ్యాలె, నీళ్ళు మార్సుకుంట ఉండాలె" అన్నాడు. నేను చేసేది మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. పీహెచ్, అంటే నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, కొలవడం నాకు రోజూ ఉండే పనే. ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు స్ట్రిప్పులు తెచ్చి ముంచితే కాగితం ముదురు నీలానికి తిరిగింది. 11 దగ్గర. ముందు రోజు సాయంత్రం ఆ పని చేసి ఉంటే పదహారు ప్రాణాలు ఉండేవి.

ఈ వ్యాసం ఆ తొట్టి గురించి కాదు, ఆ "అడ్జస్ట్" అన్న మాట గురించి. అప్పటినుంచి ఆ మాట నాకు అంతటా వినిపిస్తోంది. చెరువులో ఆకుపచ్చ నీళ్ళు చూసి, "అయినా చేపలు బతకట్లేదా, అవి అలవాటు పడిపోతాయి" అంటారు. మా ఆఫీసులో ఒకతను ఇంకో అడుగు ముందుకేసి, ఆఫ్రికాలో సోడా నీళ్ళలో కూడా చేపలున్నాయి, ప్రకృతి దారి అదే వెతుక్కుంటుంది అన్నాడు. ఆ సోడా నీళ్ళ చేప గురించి నేను చదువుతూ పోయాను. చదివినకొద్దీ నాకు అర్థమైంది అతను చెప్పినదానికి సరిగ్గా ఎదురు సంగతి. చేప అడ్జస్ట్ అవ్వాలంటే ఒంట్లో ఏమేం మారాలో, దానికి ఎంత కాలం, ఎంత ఖర్చు పడుతుందో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు.

ముందు మామూలు చేప సంగతి చూద్దాం. క్షారం మనకు కొత్తేం కాదు. చౌడు నేల తెలిసిన రైతుకి, బట్టల సోడాలో చేతులు నానిన ఆడవాళ్ళకి దాని స్వభావం బాగా తెలుసు. చర్మం జారుడుగా అవుతుంది, తర్వాత మండుతుంది. పీహెచ్ 7 అంటే అటూ ఇటూ కాని నీళ్ళు. అక్కణ్ణుంచి ఒక్కో అంకె పెరిగితే ఘాటు పది రెట్లు పెరుగుతుంది. 8 నుంచి 11కి అంటే మూడు మెట్లు కాదు, వెయ్యి రెట్లు. పచ్చి సిమెంటులోంచి ఊరేది సున్నమే కాబట్టి పెద్దాయన నాలుక చెప్పింది అక్షరాలా నిజం.

చేపకు మొప్ప ఒక్క ఊపిరితిత్తి మాత్రమే కాదు. మనకు మూత్రపిండాలు చేసే పనిలో పెద్ద భాగం దానికి మొప్పలే చేస్తాయి. తిన్న మాంసకృత్తులు ఒంట్లో విరిగినప్పుడు నత్రజని మిగులుతుంది. ఎముకలున్న చేపల్లో చాలావాటికి దాన్ని వదిలించుకునే పద్ధతి చాలా చౌక. అమ్మోనియాగా మొప్పల్లోంచి నీళ్ళలోకి జారవిడిచేస్తాయి. అమ్మోనియా విషమే. కానీ చుట్టూ అంత నీరుండగా క్షణాల్లో కొట్టుకుపోతుంది కాబట్టి దాచుకునే పని లేదు.

ఈ జారవిడవడంలో ఒక చక్కటి కిటుకు ఉంది. నీళ్ళలో అమ్మోనియాకు రెండు రూపాలు. ఒకటి వాయు రూపం, పొరల్లోంచి సులువుగా దూరుతుంది, అసలు విషం అదే. రెండోది ఒక హైడ్రోజన్ అయాన్‌ని తగిలించుకున్న అమ్మోనియం, అది పొరలోంచి అంత తేలిగ్గా దూరలేదు. చేప ఊపిరితో బొగ్గుపులుసు వాయువు కూడా మొప్ప నుంచే బయటికొస్తుంది కదా, అది మొప్పను అంటుకుని ఉన్న సన్నటి నీటి పొరను కాస్త ఆమ్లంగా మారుస్తుంది. బయటికొచ్చిన అమ్మోనియా ఆ పొరలో హైడ్రోజన్ అయాన్‌ని పట్టుకుని అమ్మోనియం అయిపోతుంది, ఇక వెనక్కి రాలేదు. మెట్రో స్టేషన్‌లో కార్డు చూపించి బయటికి రాగానే వెనక గేటు మూసుకుంటుంది చూడండి, అలా.

క్షారం నీళ్ళలో ఆ గేటు మూసుకోదు. అక్కడ హైడ్రోజన్ అయాన్లే కరువు. చేప వదిలిన ఆమ్లాన్ని నీళ్ళు ఎప్పటికప్పుడు మింగేస్తాయి. వాయు రూపం అమ్మోనియా బయట అలాగే పేరుకుంటుంది, ఒంట్లోంచి బయటికి రావడం మందగిస్తుంది, బయట మరీ ఎక్కువైతే లోపలికే రావడం మొదలవుతుంది. ఒంట్లో పెరిగితే మొదట దెబ్బ తగిలేది మెదడుకి. అంతటితో ఆగదు. బొగ్గుపులుసు వాయువును ఆ నీళ్ళు అవసరానికి మించి లాగేసుకుంటాయి, దాంతో రక్తం కూడా క్షారంవైపు జారుతుంది. ఉప్పును, అంటే సోడియం, క్లోరైడ్లను, నీళ్ళలోంచి లోపలికి తెచ్చుకునే పని కూడా కుంటుపడుతుంది. 11 దగ్గర ఇంకా ఘోరం, మొప్ప కణజాలమే కాలిపోతుంది. ఆ గంజిలాంటి జిగురు మొప్ప తనను తాను కాపాడుకోవడానికి చేసిన ఆఖరి ప్రయత్నం.

ఇప్పుడు ఆ ఆఫ్రికా చేప. కెన్యాలో నైరోబీకి దక్షిణాన మగాడి అనే సరస్సు ఉంది. పేరు తెలుగు మాటలా వినిపిస్తుంది గానీ మనకు సంబంధం లేదు. సంబంధమల్లా సోడాతోనే. 1911 నుంచి అక్కడ సోడా తీస్తున్నారు, 2005లో ఆ వ్యాపారం మన టాటా కెమికల్స్ చేతికి వచ్చింది. సరస్సులో చాలా భాగం గట్టిపడిన తెల్లటి సోడా పెంకు. అంచుల్లో వేడి ఊటలు పుట్టి చిన్న మడుగులు కడతాయి. నీళ్ళ పీహెచ్ 10 దగ్గర, వేడి కొన్నిచోట్ల 40 డిగ్రీలు దాటుతుంది. పగలు నాచు వల్ల ఆక్సిజన్ పొంగిపొర్లుతుంది, రాత్రి దాదాపు ఖాళీ అయిపోతుంది. అందులో వేలెడంత తిలాపియా ఒకటి బతుకుతోంది. మనం మార్కెట్లో జిలేబీ చేప అంటామే, ఆ కుటుంబమే. శాస్త్రీయంగా దాని పేరు ఆల్కోలాపియా గ్రహామీ.

1989లో డేవిడ్ రాండల్, క్రిస్ వుడ్, వాళ్ళతో కెన్యా శాస్త్రవేత్త మలోయ్ తదితరులు 'నేచర్' పత్రికలో దీని రహస్యం చెప్పారు. ఈ చేప అమ్మోనియాను వదలడమే మానేసింది. నత్రజని మొత్తాన్నీ యూరియాగా మార్చి వదులుతుంది. యూరియా అంటే పొలంలో చల్లేదే, మన మూత్రంలో ఉండేదే. విషం తక్కువ, బయటి పీహెచ్ ఎంతున్నా దానికి పట్టదు. మనుషులు, ఆవులు చేసే పనిని ఒక చేప, నీళ్ళలో ఉంటూ, చేస్తోంది. అదీ అవసరాన్నిబట్టి కాదు. పీహెచ్‌ని 7కి దించిన నీళ్ళలో పెట్టి చూసినా అది యూరియానే వదిలింది. పైగా ఆ మామూలు నీళ్ళే దానికి దెబ్బ, రక్తం ఒక్కసారిగా ఆమ్లంవైపు పడిపోయింది. అంటే ఇటు వచ్చేశాక అటు తిరిగి వెళ్ళడం దానికి సులువు కాదు.

దీని ఖర్చు ఎంతో చూడండి. అమ్మోనియాను జారవిడవడం దాదాపు ఉచితం. ఒక్కో యూరియా అణువు తయారు చేయడానికి చేపకు 5 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టుకునే డబ్బు అనుకోవచ్చు. అది కండరంలో ఉందని 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావే. ఆయన పుట్టిన భీమవరం ఇవాళ చేపల, రొయ్యల చెరువుల ఊరు. ఆ తలుపు నుంచి ఈ తలుపుకి ఇంత దగ్గర దారి ఉందని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. సరే, ఆ ఖర్చు భరించడానికి మగాడి చేప కాలేయం ఒక్కటే చాలలేదు. యూరియా తయారీ సరంజామా దాని కండలో కూడా ఉందని 1999లో తేలింది. అంటే ఈదడానికి ఉన్న కండే విషాన్ని విరిచే కార్ఖానా కూడా. తయారైన యూరియాను బయటికి పంపడానికి మొప్పల్లో ప్రత్యేకమైన ద్వారాలున్నాయి. 2016లో ఇదే బృందంలోని వాళ్ళు కొలిచి చూస్తే దాని జీవక్రియ వేగం చిన్న క్షీరదాలతో పోల్చదగ్గంత ఉంది. చల్లటి నెత్తురు చేప, ఎలుకలా పొయ్యి మండించుకుంటోంది. ఆక్సిజన్ చాలని వేళల్లో పైకొచ్చి గాలి మింగుతుంది, గాలితిత్తే ఊపిరితిత్తిలా పనికొస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది దాని పొట్ట. ఈ చేప ఆ సోడా నీళ్ళు తాగుతుంది కూడా. పొట్టలో ఏమో నాచు అరగడానికి ఆమ్లం కావాలి. రెండూ కలిస్తే ఏమవుతుందో వంటసోడాలో నిమ్మరసం పిండిన ఎవరికైనా తెలుసు. అందుకని దాని గొంతు, పొట్ట, పేగు మూడూ ఒకే కూడలి దగ్గర కలుస్తాయి. పొట్టలో మేత ఉన్నప్పుడు దాని మూతి బిగుసుకుంటుంది, తాగిన నీళ్ళు పొట్టలోకి పోకుండా గొంతు నుంచి నేరుగా పేగులోకి దిగిపోతాయి. ఊరి లోపలికి రాకుండా వెళ్ళే బైపాస్ రోడ్డు.

ఇంత మార్పుకు ఎంత కాలం పట్టింది? సుమారు 10 వేల ఏళ్ళ కిందట మగాడి, దాని దక్షిణాన ఉన్న నాట్రాన్ సరస్సు కలిసి ఒకే పెద్ద సరస్సుగా ఉండేవి, నీళ్ళు ఇప్పటంత ఘాటు కావు. వానలు తగ్గి, అది కొంచెం కొంచెంగా ఎండి చిక్కబడింది. అన్ని వేల తరాలు నెమ్మదిగా మారుతూ వచ్చాయి. మారలేని చేపలు ఎన్ని పోయాయో ఎవరూ లెక్క రాయలేదు. మిగిలింది ఇది. ఈ చేపను చూపించి "అడ్జస్ట్ అవుతాయి" అనడం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక్కణ్ణి చూపించి యుద్ధంలో ఏమీ కాదనడం లాంటిది.

మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లాలో లోనార్ ఉంది కదా, ఉల్క పడి ఏర్పడిన గుంటలో సరస్సు, 2020 జూన్‌లో గులాబీ రంగుకి మారి వార్తల్లోకి వచ్చింది. దాని నీళ్ళు కూడా ఇంచుమించు మగాడి అంత క్షారంగా ఉంటూ వచ్చాయి. అంత ఘాటుగా ఉన్నన్నాళ్ళూ అందులో చేపలు లేవు. ప్రకృతి ప్రతిసారీ దారి వెతుక్కుంటుందని నమ్మేవాళ్ళు ఒకసారి దాని సంగతి చదవాలి.

తుర్కియేలోని వాన్ సరస్సు కథ వేరు, మనకు పనికొచ్చేది నిజానికి అదే. అక్కడ పీహెచ్ 9.8. అందులో ప్రధానంగా బతికే చేప బొచ్చెలు, రవ్వల దూరపు బంధువు, మరెక్కడా దొరకదు. అది మగాడి చేపలా పూర్తిగా యూరియాకు మారలేదు. అమ్మోనియాను కూడా వదులుతుంది, ఒంట్లో పేరుకున్నదాన్ని మామూలు చేప తట్టుకోలేనంత తట్టుకుంటుంది. పెద్ద చేప తట్టుకుంటుంది సరే, గుడ్లు, పిల్లల మాటేమిటి? అందుకే ఏటా వసంతంలో గుంపులు గుంపులుగా సరస్సులో కలిసే నదుల్లోకి ఎదురెక్కుతాయి. రాళ్ళ మీద ఎగిరి దూకుతూ మంచినీళ్ళు చేరి అక్కడే గుడ్లు పెట్టి తిరిగొస్తాయి. టిబెట్ పీఠభూమి మీద చింగ్‌హాయ్ సరస్సులోని చేపది కూడా ఇదే పద్ధతి. తరతరాలుగా క్షారంలో ఆరితేరిన చేప కూడా తన పిల్లల్ని అందులో కనడానికి సాహసించదు. దానికి మంచినీళ్ళ వాగు ఒకటి తెరిచి ఉండాల్సిందే.

ఇక మన చెరువుల సంగతికి వస్తాను. హుస్సేన్‌సాగర్ 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టినది. దాని కింద, పైన, ఊరంతా ఎన్నో గొలుసుకట్టు చెరువులు. ఒకదాని అలుగు పారితే ఇంకోదానికి నీళ్ళు. ఇప్పుడు చాలావాటికి వాన కాలువ పోయి నాలా వచ్చింది. నాలాతో మురుగు, మురుగుతో అమ్మోనియా, దాన్ని తిని నాచు. ఇక్కడే పీహెచ్ కథలోకి వస్తుంది. నాచు ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది, దాంతో నీళ్ళు క్షారంవైపు పోతాయి. పచ్చగా చిక్కబడ్డ చెరువులో పొద్దున 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నం 9 దాటడం వింతేం కాదు. రాత్రికి మళ్ళీ దిగుతుంది.

నీళ్ళు 30 డిగ్రీల వేడిగా ఉన్నాయనుకోండి. పీహెచ్ 7 దగ్గర ఉన్న అమ్మోనియాలో విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 దగ్గర ఏడెనిమిది పాళ్ళు. 9 దగ్గర దాదాపు 45. చెరువులోకి ఒక్క చుక్క మురుగు కొత్తగా రాకపోయినా, పొద్దున ఫర్వాలేదనిపించిన అదే అమ్మోనియా మధ్యాహ్నం మూడింటికి ఎన్నో రెట్లు విషం. పొద్దున పది గంటలకు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేస్తే ఈ సంగతి బయటపడదు.

చేపలు చచ్చి తేలినప్పుడల్లా వార్తలో ఒకే వాక్యం ఉంటుంది, ఆక్సిజన్ అందక చనిపోయాయని. అది అబద్ధమని నేననను. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటడం నిజమే. కానీ ముందు రోజు మధ్యాహ్నమంతా అమ్మోనియాతో మొప్పలు దెబ్బతిన్న చేపకి, ఆ తెల్లవారుజామును దాటే సత్తా ఎక్కడుంటుంది? ఆక్సిజన్ ఒక్కటే కారణమని రాసేస్తే తేలిపోయేది ఇంకోటుంది. గాలి కొట్టే యంత్రం పెడితే చాలు, మురుగు ఆపక్కర్లేదు అన్న అర్థం వస్తుంది. ఆ అర్థమే నాకు కోపం తెప్పిస్తుంది.

దీనికి ఒక ఎదురు మాట ఉంది, గట్టిదే. ఈ మురికి చెరువుల్లో కూడా కొర్రమీను ఉంది, జెల్లలున్నాయి, తిలాపియా అయితే లెక్కే లేదు, మరి ఇవి అలవాటు పడ్డట్టే కదా అని. ఒప్పుకుంటాను. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప, ఊరికే కాలేదు. అది పైకొచ్చి గాలి పీలుస్తుంది. సింగీ అనే జెల్ల జాతి చేప అమ్మోనియాను యూరియాగా మార్చుకోగలదని షిల్లాంగ్‌లోని నార్త్ ఈస్టర్న్ హిల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించారు కూడా. కానీ ఇవి మన నాలాలను చూసి నేర్చుకున్న విద్యలు కావు. ఎండాకాలం బురదలో, ఆరిపోయే గుంటల్లో బతకడానికి ఎన్నో యుగాల నుంచి వాటికి ఉన్నవి. బొచ్చెకు, రవ్వకు, మృగాల్ చేపకు ఆ విద్య లేదు. వాటికి 7 నుంచి 8.5 మధ్య ఉండే నీళ్ళు కావాలి. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదిలే పిల్లల్లో ముఖ్యమైనవి ఇవే. ఆ పిల్లల మీద అప్పూ ఆశా పెట్టుకునే కుటుంబాలున్నాయి. చెరువులో చేపలున్నాయా అని కాదు, ఏ చేపలు మిగిలాయి అని అడగాలి. నాలుగు మొండి రకాలు మిగిలితే చెరువు బాగున్నట్టు కాదు.

అందుకే నేను అడిగేది ఇది. చేప పిల్లల్ని వదిలేముందు ఆ చెరువు నీళ్ళు మధ్యాహ్నం మూడింటికి కూడా కొలవండి. పీహెచ్, వేడి, అమ్మోనియా, మూడూ కలిపి. ఒకటి లేకుండా ఇంకోటి చెప్పేది సగం మాటే. మత్స్య సహకార సంఘానికో స్ట్రిప్పుల డబ్బా, పరీక్ష కిట్టు ఇస్తే అయ్యే ఖర్చు ఒక లారీ పిల్లలు చచ్చే నష్టంతో పోలిస్తే ఎంత? మురుగు వచ్చే దారి మూయడం పెద్ద పని, ఏళ్ళు పడుతుంది, తెలుసు. వాన కాలువ తెరవడం అంత పెద్ద పని కాదు. వాన్ సరస్సు చేపకు నది మిగిలినట్టు మన చెరువుకు కనీసం ఒక మంచినీళ్ళ దారి మిగలాలి.

మా తొట్టి పెద్దాయన చెప్పినట్టే నానింది. పెండ కలిపాం, అరటి బొందలు వేశాం, నీళ్ళు ఐదుసార్లు మార్చాం. మృగశిర కార్తె నాడు, మార్కెట్లో కాలు పెట్టే సందు లేని రోజు, ఆయన అమ్మకాలన్నీ ముగించుకుని వచ్చి మళ్ళీ వేలు ముంచి నాలుక్కి రాసుకుని తలూపాడు. స్ట్రిప్పు 8 చూపించింది. అయినా మావాడు వెంటనే చేపలు తేనివ్వలేదు. వారం రోజులు పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి ముంచి, ఫ్రిజ్ పక్కన వేలాడే క్యాలెండర్ గళ్ళలో రెండేసి అంకెలు రాశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం గడిలో 8.6 ఉంది, దాని కింద పెన్సిల్‌తో "నాచు" అని రాసి ఉంది. ఆ సాయంత్రం వాడు తొట్టి మీద సగం దాకా పాత గోనెసంచి కప్పాడు.